ఉత్త తక్కెడ

పిల్లలూ, స్విట్జర్లండులో జినీవా పక్కన, నేలకింద సుమారు 100 మీటర్ల లోతున, సెర్న్ వారి అట్లాస్ యంత్రం ఉన్నది. దిగి చూద్దాం రండి!

లోపల గడ్డకట్టించే చలిలో ఆర్గాన్ ద్రవం ఉన్నది. కణాలు దూసుకుపోతే అందులో రవ్వంత విద్యుత్తు పుడుతుంది. దాన్ని కొలిచి కణాల శక్తి తెలుసుకుంటారు.

కాని చిక్కున్నది. కణం రాకపోయినా, వేడికి తీగల్లో ఎలక్ట్రాన్లు కదిలి రొద పెడతవి. వేడి హెచ్చుతగ్గులైతే సున్న గుర్తే జరుగుతుంది. అప్పుడు లేని శక్తి ఉన్నట్టు కనిపిస్తుంది!

సరుకు తూచేముందు దుకాణదారు ఉత్త తక్కెడ ఎత్తి పాసంగం చూస్తాడు కదా? వీరూ అంతే. కణాలు లేనప్పుడు కొలిచి, ఆ లెక్క తీసివేస్తారు. తెలిసినంత విద్యుత్తు పంపి పరీక్షిస్తారు. పరికరాలను నీటితో చల్లబరుస్తారు. ఒక్కొక్క సంకేతాన్ని పలుమార్లు కొలిచి రొద తగ్గిస్తారు.

ఈ జాగ్రత్తలు లేకుంటే, 2012లో హిగ్స్ కణం దొరికిందంటే ఎవరు నమ్మేవారు? మీరూ కొలిచేముందు సున్న చూసుకోండి.