పగడపు దిబ్బలు ఎట్లా పెరుగుతాయి?

నేను సముద్రం చూడలేదు. మనలో చాలామంది చూసి ఉండరు. కానీ మా ఊరి పక్కన పారే శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది, గోదావరి పోయి సముద్రంలో కలుస్తుంది. కాబట్టి సముద్రం మనకు బొత్తిగా పరాయిది కాదు. అందుకే ఈసారి గోడపత్రికకు ఈ విషయం రాస్తున్నాను.

పగడం అంటే మా నాయనమ్మకు మెడలో వేసుకునే ఎర్రపూస. పూసలు చేసే అసలు ఎర్ర పగడం వేరే జాతిది, అది దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టే పగడాలు వేరు.

దిబ్బ కట్టేది చెట్టు కాదు, రాయి కాదు, ఒక చిన్న జంతువు. దాని పేరు పాలిప్. చాలావాటి సైజు జొన్నగింజంతే ఉంటది. జెల్లీ చేపకు అది చుట్టం. నోటి చుట్టూ మీసాల్లాంటి సన్నని చేతులుంటాయి. రాత్రిపూట వాటితో నీళ్ళలోని సన్న పురుగుల్ని పట్టుకొని తింటది. సముద్రపు నీటిలో ఉన్న కాల్షియం తీసుకొని తన అడుగున గట్టి గిన్నె కట్టుకుంటది. అది సున్నపు పదార్థమే. నత్తగుల్లలో ఉన్నది కూడా అదే. మా నాయనమ్మ గుల్లలు కాల్చిన సున్నమే తమలపాకుకు రాస్తది.

పాలిప్ చచ్చిపోయినా దాని గిన్నె ఉంటది. దాని మీద ఇంకొకటి కట్టుకుంటది. గుండ్రాయిలాగా పెరిగే పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూ పెరుగుతాయి. కొమ్మల్లాగా పెరిగేవి 10 సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. ఇట్లా వేల ఏళ్ళు కడితే దిబ్బ అవుతుంది. ఆస్ట్రేలియా పక్కన ఉన్న గ్రేట్ బారియర్ రీఫ్ 2,300 కిలోమీటర్ల పొడవుంది.

చార్లెస్ డార్విన్ 1842లో ఒక పుస్తకం రాశారు. అగ్నిపర్వతపు దీవి మెల్లగా మునుగుతుంటే, దాని చుట్టూ ఉన్న పగడాలు వెలుతురు కోసం పైకి పైకి కట్టుకుంటాయని, చివరికి దీవి మునిగి పగడాల ఉంగరం మిగులుతుందని చెప్పారు. 1952లో పసిఫిక్ సముద్రంలో ఎనివెటోక్ దగ్గర బోరు వేశారు. 1,200 మీటర్లకు పైగా పగడపు సున్నపురాయే వచ్చింది, దాని అడుగున అగ్నిపర్వతపు రాయి తగిలింది. అప్పటికి ఆయన చనిపోయి 70 ఏళ్ళు!

పగడాలు పెరగాలంటే కొన్ని కావాలి. కాళ్ళు నిలదొక్కుకోను గట్టి రాయి కావాలి. నీళ్ళు ఉప్పగా ఉండాలి. వేడి 23 నుంచి 29 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. అలలు తగలాలి. అన్నిటికన్నా ముఖ్యం వెలుతురు, అందుకే 50 మీటర్ల లోపు లోతులోనే బాగా పెరుగుతాయి. ఎందుకంటే పాలిప్ ఒంట్లో కంటికి కనిపించనంత సన్న నాచు ఉంటది. నాచు ఎండతో అన్నం వండుతది, అందులో ఎక్కువ భాగం పాలిప్‌కే పెడుతది. పాలిప్ దానికి ఇల్లు ఇస్తది. పగడానికి ఎక్కువగా రంగు వచ్చేదీ నాచు వల్లనే.

మరి గోదావరి కలిసేచోట పెద్ద దిబ్బలు ఎందుకు లేవు? వానాకాలంలో మన నది ఎంత ఎర్రగా వస్తదో చూశారు గదా. ఆ బురద వెలుతురును ఆపుతుంది, పగడాల మీద పేరుకుంటుంది. మంచినీళ్ళు ఉప్పును తగ్గిస్తాయి. అందుకే మన దేశంలో దిబ్బలు లక్షద్వీప్, అండమాన్ నికోబార్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖలలో ఉన్నాయి.

నీళ్ళు మామూలు ఎండాకాలం కన్నా ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అట్లాగే ఉంటే పాలిప్, నాచు విడిపోతాయి. పగడం తెల్లగా అయిపోతుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016లో ఇట్లా జరిగింది. 2024లో ప్రపంచమంతటా నాలుగోసారి జరుగుతోందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. కానీ తెల్లబడ్డ పగడం వెంటనే చచ్చినట్టు కాదు. ఆకలితో ఉంటది, అంతే. నీళ్ళు తొందరగా చల్లబడితే నాచు మళ్ళీ పెరుగుతుంది, రంగు వస్తుంది. ఆలస్యమైతే మాత్రం చచ్చిపోతుంది.

ఇది చదివినప్పుడు నాకు మన డార్మిటరీలో ఒక ట్రంకుపెట్టె గుర్తొచ్చింది. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన మన స్నేహితురాలు ఇంకా రాలేదు. ఇంట్లో అప్పు ఉంది, అమ్మతోపాటు మిరపకోతకు పోయిందంట. చదువు ఇష్టం లేక కాదు. లెక్కల్లో నాకన్నా ఆమెకే ఎక్కువ మార్కులు.

మేడమ్ గారూ, రిజిస్టరులో ఆమె పేరు అప్పుడే కొట్టెయ్యవద్దని నా విన్నపం. మిరపకోత అయిపోవచ్చింది. ఉగాదికి ఇంటికి పోయేవాళ్ళు వాళ్ళ ఊరి మీదుగా పోయి, పెట్టె అట్లాగే ఉందని, పక్క మంచం ఖాళీగా ఉందని చెప్పండి. నేను కూడా పోతాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని