బుర్సా వేడి ఊటల దగ్గర నాలుగు రోజులు

తుర్కీలోని బుర్సా నగరంలో ‘యెని కాప్లిజా’ అనే స్నానశాల ఉన్నది. ఆ మాటకు ‘కొత్త వేడినీటి స్నానశాల’ అని అర్థం. ఉస్మానియా సుల్తాన్ సులైమాన్ గారి ప్రధాన వజీరు రుస్తుం పాషా దానిని క్రీ.శ. 1552లో కట్టించారు. 470 ఏళ్లు దాటినా ఆ ఊరివారికి అది ఇంకా కొత్తదే. ఎందుకంటే అక్కడికి కొంత దూరంలో ‘ఎస్కి కాప్లిజా’, అనగా ‘పాత స్నానశాల’ ఉన్నది. అది సుల్తాన్ మొదటి మురాద్ కాలం నాటిది. దాని పునాదులు అంతకన్నా పాతవి, రోమక కైసర్ల నాటివి. లోపలి స్తంభాల తలలపై ఆ కాలపు చెక్కడాలను నేటికీ చూడవచ్చు. రాజ్యాలు మారాయి, మతాలు మారాయి, స్నానశాల పేరు మారింది. కింది నుండి వచ్చే నీరు మాత్రం అదే.

ఉమ్రా ముగించుకొని తిరుగు ప్రయాణంలో ఇస్తాంబుల్‌లో ఆగిన మేము నలుగురం, మర్మరా సముద్రం మీదుగా ఓడలో ముదాన్యా రేవుకు చేరి, అక్కడి నుండి బస్సులో బుర్సాకు వెళ్లాము. ఇస్తాంబుల్‌లోనే చూడవలసినవి ఎన్నో మిగిలి ఉండగా బుర్సాకు ఎందుకు అని దారిలో ఒకరిద్దరు అడిగారు. కారణం మాతో ఉన్న హాఫిజ్ సాహెబ్. ముప్ఫై అయిదేళ్లకు పైగా చాపపై కూర్చొని పిల్లల చేత ఖుర్ఆన్ కంఠస్థం చేయించిన మనిషి ఆయన. మోకాళ్లు అరిగిపోయాయి. నాలుగేళ్లుగా కుర్చీలో కూర్చొనే నమాజు చేస్తున్నారు. నొప్పి గురించి ఆయన ఎన్నడూ ఫిర్యాదు చేయగా మేము వినలేదు. హరమ్ షరీఫ్‌లో మాత్రం ఒక రాత్రి, “మౌలానా, ఇంత దూరం వచ్చి కూడా ఈ నేలకు నుదురు ఆనించలేకపోయాను” అన్నారు. ఆ మాట మాలో ఎవరికీ నిద్ర పట్టనివ్వలేదు. బుర్సా నీటి పేరు అంతకుముందు కితాబుల్లో చదివినదే. వెళ్లి చూద్దామని నిశ్చయించుకున్నాము.

ఆ కితాబుల్లో మొదటిది ఇబ్నె బతూతా సఫర్‌నామా. ఆయన 1330ల ప్రాంతంలో బుర్సా వచ్చారు. నగరాన్ని ఉస్మానియా తురుష్కులు 1326లో గెలుచుకున్నారు. అంటే ఆయన వచ్చేనాటికి వారి పాలన మొదలై పట్టుమని పదేళ్లు కూడా కాలేదు, సుల్తాన్ ఓర్హాన్ ఏలుతున్న రోజులు. ఊరి వెలుపల మిక్కిలి వేడిగా ప్రవహించే నీరు ఒక పెద్ద కొలనులో చేరుతుందనీ, దాని పక్కన పురుషులకు ఒకటి, స్త్రీలకు ఒకటి చొప్పున రెండు ఇళ్లు కట్టి ఉన్నాయనీ, దూర దేశాల నుండి రోగులు వస్తారనీ ఇబ్నె బతూతా వ్రాశారు. అక్కడే ఒక జావియా ఉండేదట. వచ్చినవారికి మూడు రోజుల పాటు బసా భోజనమూ దానిదే. పాఠకులు ఇందులో రెండు సంగతులు గమనించాలి. స్త్రీలకు వేరు ఇల్లు అన్నది ఒకటి. రోగి దగ్గర డబ్బు అడగలేదన్నది రెండవది.

వేడినీటి స్నానశాలలు ఉన్న పేటను చెకిర్గె అంటారు. ఆ మాటకు మిడత అని అర్థం. నగర కేంద్రానికి పడమరగా, ఉలుదాగ్ పర్వతపు వాలు మీద ఉన్నది. ఉలుదాగ్ అంటే మహాపర్వతం, ఎత్తు 2,543 మీటర్లు. పూర్వం దానిని సన్యాసుల కొండ అనేవారు, 1925లో ఈ పేరు పెట్టారు. మేము వెళ్లినది శరదృతువు చివర. పైన మంచు తెల్లగా కనిపిస్తున్నది, కింద వీధుల్లో బండ్ల మీద చెస్ట్‌నట్ గింజలు కాలుతున్నాయి. ఆ మంచూ ఆ వానా నేల పగుళ్ల గుండా చాలా లోతుకు దిగి, భూగర్భపు వేడికి కాగి, మరొక పగులు వెంట పైకి ఎగదన్నుకొని వస్తాయి. అవే ఈ ఊటలు. ఒక్కొక్క ఊటకు ఒక్కొక్క వేడి. కొన్ని ఒంటికి హాయి గొలిపేంత, కొన్ని చేయి పెట్టలేనంత. ‘కుకుర్త్‌లు’ అనే చోట గంధకం వాసన దూరం నుండే తగులుతుంది. పేరుకు అర్థమే గంధకం గలది అని. నీటిని పైకి పంపే ఆ పగుళ్లే భూమిని కదిలిస్తాయి కూడా. 1855లో వచ్చిన భూకంపంలో బుర్సా చాలా భాగం కూలిపోయింది, జామె మస్జిద్ గుమ్మటాలు సైతం దెబ్బతిన్నాయి. రాళ్లలో కొన్నింటి నుండి నదులు పొంగుతాయని సూరె బఖరా చెబుతున్నది. భూమి తన బరువులను బయటపడవేసే రోజును గురించి సూరె జిల్‌జాల్ చెబుతున్నది. అక్కడ నిలబడితే రెండూ ఒకేసారి గుర్తుకు వస్తాయి.

వేడి ఊటలు మనకు కొత్త కావు. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరుతుంది. ఇక హమ్మాం అన్న మాట మన ఇళ్లలో సబ్బు పేరుగానే మిగిలింది. అసలు కట్టడం చూడదలచిన వారు హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరకు వెళ్లాలి. అయితే అక్కడి హమ్మాం చనిపోయిన వారికి గుస్ల్ ఇచ్చేందుకు కట్టినది.

మొదటి రోజు మాలో ఒక మస్‌అలా లేచింది. ఈ నీటికి వాసన ఉన్నది, రుచి మారినది. మరి దీనితో వుజూ చెల్లుతుందా? జవాబు ఫిఖహ్ గ్రంథాలలో స్పష్టంగానే ఉన్నది. నీరు తాను పుట్టిన చోటి మట్టి వల్ల, ఖనిజం వల్ల, పారిన దారి వల్ల మారితే దాని శుద్ధతకు లోటు లేదు. అది తానూ శుద్ధం, శుద్ధి చేసేదీ. గంధకం మీదుగా పారిన నీరు ఇటువంటిదే. ఇక రెండవ మస్‌అలా హిజాబుకు సంబంధించినది, ఇదే కఠినమైనది. లుంగీ కట్టకుండా హమ్మాంలో ప్రవేశించకూడదని పురుషులను దైవప్రవక్త (స) వారించారు. మన హనఫీ ఫిఖహ్‌లో మోకాలు కూడా కప్పవలసిన భాగమే. అయితే నొప్పి ఆ మోకాలికే! పాత తుర్కీ మర్యాద ప్రకారం నడుముకు ‘పెష్తమాల్’ అనే గళ్ల వస్త్రం చుట్టుకొని నీటిలోకి దిగుతారు. మన లుంగీకి అది పినతల్లి బిడ్డ. దానిని మోకాళ్ల కిందికి కట్టుకుంటే సమస్య లేదు. కాని నేడు కొన్ని చోట్ల యాత్రికులు పొట్టి నిక్కర్లతో దిగుతున్నారు. మేము మొదట అడిగిన ఒక హోటల్లో స్త్రీ పురుషులకు ఒకటే కొలను అన్నారు. సలాము చెప్పి బయటకు వచ్చేశాము. 700 ఏళ్ల క్రితం రెండు ఇళ్లు కట్టిన ఊరిలో ఆ మాట వినవలసి రావడం బాధ కలిగించింది.

చివరకు పురుషులకు ప్రత్యేకించిన పాత హమ్మాం ఒకటి దొరికింది. మొదట చల్లని గది, తరువాత గోరువెచ్చని గది, ఆ తరువాత ఎనిమిది పలకల వేడి గది. నడుమ గుండ్రని పాలరాతి కొలను. పైన గుమ్మటానికి గుండ్రని చిన్న చిన్న గాజు కన్నాలు. వాటి నుండి వెలుగు కడ్డీలుగా ఆవిరిలోకి దిగుతుంది. గోడల వెంట ‘కుర్నా’ అనే రాతి తొట్లు. ‘తాస్’తో నీరు ముంచుకొని ముందుగా ఒళ్లంతా కడుక్కోవాలి, ఆ పిమ్మటే కొలనులో దిగాలి. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యుని అడగకుండా దిగకూడదు. మిగతావారు కూడా ఒకసారికి పావుగంట, ఇరవై నిమిషాలు మించకూడదు. మా హాఫిజ్ సాహెబ్‌కు ఇస్తాంబుల్‌లోనే వైద్యుని అనుమతి తీసుకున్నాము.

ఆయనను ఇద్దరం రెండు రెక్కలు పట్టుకొని మెట్లు దింపాము. కొలను అంచున కూర్చున్నారు, నీరు రొమ్ముల దాకా వచ్చింది. కళ్లు మూసుకున్నారు. అప్పుడు మాకు ఒక విచిత్రం తోచింది. మేము ఎరిగిన ఇన్నేళ్లలో ఆయన పెదవులు కదలకుండా ఉండడం అదే మొదటిసారి చూడటం. నడిచేటప్పుడు, అన్నం కోసం ఎదురుచూసేటప్పుడు, బస్సులో, ఓడలో, ఎప్పుడూ ఏదో ఒక పారా లోలోపల తిరగేస్తూనే ఉంటారు. హమ్మాంలో ఖుర్ఆన్ పారాయణం మక్రూహ్ కదా, అందుకని ఊరకున్నారు. బయటకు వచ్చాక అడిగితే, “ఆ ఇరవై నిమిషాలూ చాలా పొడుగ్గా గడిచాయి” అన్నారు నవ్వుతూ. హమ్మాం, హమీమ్ రెండూ ఒకే ధాతువు నుండి వచ్చిన మాటలు. రెండవది నరకవాసులకు తాగించే మరిగే నీరు. వేడి గదిలో నరకాగ్నిని గుర్తుచేసుకొని దువా చేసేవారట మన పూర్వీకులు.

తువ్వాలు చుట్టుకొని చల్లని గదిలో కూర్చోగానే అక్కడి పనివాడు టీ అందిస్తూ, “సిహ్హత్‌లెర్ ఓల్సున్” అన్నాడు. స్నానం చేసి వచ్చిన ప్రతి మనిషికీ తుర్కీలో ఆ మాట చెబుతారు. మాలో ఎవరికీ తుర్కీ రాదు. అయినా తర్జుమా అవసరం పడలేదు. సెహత్ అన్న మాట మన ఇళ్లలో లేనిదా!

ఆ సాయంత్రం మాలో చిన్న వాదం నడిచింది. స్వస్థత నీటిలో ఉన్నదా? చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు గనుక ఉపాయాన్ని వాడుకోవాలి, నయం చేసేవాడు అల్లాహ్ మాత్రమే అన్నంత వరకు భేదం లేదు. హజ్రత్ అయ్యూబ్ (అలై) కాలితో నేలను తన్నినప్పుడు ఉబికిన నీరు చల్లనిదని సూరె సాద్‌లో (38:42) ఉన్నది కదా, మరి వేడినీటికి ఏమిటి ప్రత్యేకత అన్నారు ఒకరు. ఊటలు రెండు పుట్టాయనీ, స్నానానికి వేడిది, తాగడానికి చల్లనిది అనీ కొందరు ముఫస్సిర్లు చెప్పిన సంగతిని హాఫిజ్ సాహెబే గుర్తుచేశారు. ఆయన పక్షం ఏదో మాకు అర్థమైంది. మా అభిప్రాయం మాత్రం ఇది: వేడి నీరు బిగిసిన కండరాన్ని సడలిస్తుంది, కీలు మీది బరువును నీరు మోస్తుంది, నొప్పి కొంత తగ్గుతుంది. అరిగిన ఎముకను తిరిగి మొలిపించదు. అక్కడివారు కూడా రెండు మూడు వారాల పాటు రోజూ స్నానం చేస్తేనే గుణం అంటారు. మా దగ్గర ఉన్నవి నాలుగు రోజులు.

మూడవ రోజు జామె మస్జిద్‌కు వెళ్లాము. సుల్తాన్ బాయజీద్ నికోపోలిస్ విజయం తరువాత 1396 నుండి 1399 మధ్య కట్టించిన ఇరవై గుమ్మటాల మస్జిద్ అది. మధ్యలో, నమాజు చేసే చోటనే, వుజూ కోసం నీటి ఫౌంటెన్ ఉన్నది. ఈ మస్జిద్ గురించి అందరూ వ్రాశారు గనుక మేము వేరొక సంగతి చెబుతాము. మన మద్రసాలలో తజ్వీద్ నేర్చుకునే ప్రతి విద్యార్థీ ‘ముఖద్దిమా జజరియ్యా’ను చదువుతాడు. దాని కర్త ఇమాం ఇబ్నుల్ జజరీ (రహ్మ) బాయజీద్ కాలంలో బుర్సాకు వచ్చి ఖిరాఅత్‌లు బోధించారు. పది ఖిరాఅత్‌ల మీద ఆయన రచించిన మహాగ్రంథం ‘అన్-నష్ర్’ హిజ్రీ 799లో ఈ నగరంలోనే పూర్తయింది. 1402లో తైమూర్ గెలిచిన పిమ్మట ఆయనను తన వెంట తీసుకుపోయాడు. హాఫిజ్ సాహెబ్‌కు ఈ విషయం చెప్పగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ముప్ఫై అయిదేళ్లుగా ఆ పద్యాలను పిల్లలకు నేర్పుతున్నారాయన. వాటి రచయిత నడిచిన ఊరికి మోకాళ్ల నొప్పి తనను తీసుకొచ్చిందని ఆయన అనుకోలేదు.

చెకిర్గెలో మరొక కట్టడం ఉన్నది, హుదావెందిగార్ మస్జిద్. మనం ఖుదావంద్‌గార్ అనే మాటే. అది సుల్తాన్ మురాద్ బిరుదు. కింది అంతస్తు మస్జిద్, పై అంతస్తు మద్రసా. ప్రపంచంలో ఇటువంటి కట్టడాలు బహు అరుదు. పాత స్నానశాల, లంగర్‌ఖానా, ఈ మస్జిద్, ఈ మద్రసా అన్నీ కలిసి ఒకే సముదాయంగా ఉండేవి. 1389లో కొసోవో యుద్ధభూమిలో మరణించిన మురాద్‌ను తీసుకొచ్చి దీని ఎదురుగానే ఖననం చేశారు. ఒళ్లు కడుక్కోవడానికి ఒక చోటు, కడుపు నింపుకోవడానికి ఒక చోటు, నమాజు, చదువు, చివరకు సమాధి. మద్రసా నడిపే మాబోటి వారికి ఆ ఏర్పాటును చూస్తే అసూయ కలుగుతుంది. మన దగ్గర వక్ఫ్ భూములకు కొదవ లేదు, వాటి ఆదాయం మద్రసా పిల్లవాడి కంచం దాకా ఎందుకు రాదో పాఠకులకు తెలియనిది కాదు.

నాలుగవ రోజు ఫజ్ర్ నమాజు ఆ మస్జిద్‌లోనే చేశాము. హాఫిజ్ సాహెబ్ కోసం కుర్చీ తెచ్చి పెట్టాము. ఇఖామత్ అయ్యాక చూస్తే ఆయన నిలబడి ఉన్నారు. మొదటి రకాతులో రెండు చేతులూ నేలపై ఊని, ఒక మోకాలు, తరువాత రెండవది దించి, సజ్దా చేశారు. రెండు సజ్దాలూ చేశారు. లేవడానికి చాలా సేపు పట్టింది. ఇమాం తరువాతి సూరా సగానికి వచ్చేశారు. రెండవ రకాతులో కుర్చీలోనే కూర్చున్నారు. సలాం తరువాత ఎవరమూ ఏమీ అనలేదు. ఆయన చాలాసేపు దువాలో ఉన్నారు.

ఇస్తాంబుల్ చేరేనాటికి నొప్పి మళ్లీ మొదలైంది. ఇంటికి వచ్చిన నాటి నుండి మునుపటి లాగానే కుర్చీ.

వెళ్లదలచిన కుటుంబాల కోసం కొన్ని మాటలు. ఇస్తాంబుల్ నుండి ఓడ ప్రయాణం దాదాపు రెండు గంటలు. స్త్రీలకు యెని కాప్లిజా ఆవరణలోనే ‘కైనార్జా’ అనే ప్రత్యేక స్నానశాల ఉన్నది. ఏ స్నానశాలకు వెళ్లినా లోపల అడుగుపెట్టకముందే స్త్రీ పురుషుల వేళలు, కొలనులు వేరా అని అడిగి తెలుసుకోండి. పెష్తమాల్ అక్కడ ఇస్తారు గాని పొడవు చాలకపోవచ్చు, మన లుంగీ ఒకటి వెంట ఉంచుకోండి. జారే పాలరాతి మీద వృద్ధులను ఒంటరిగా నడవనివ్వకండి. నాలుగు రోజులు కాదు, వీలైతే పదిహేను రోజులైనా ఉండేలా వెళ్లండి. ఈ చివరి సలహా మాది కాదు, హాఫిజ్ సాహెబ్‌ది. ఎంత ఖర్చవుతుందో లెక్కవేసి పెట్టమని ఆయన మాకు అప్పగించారు కూడా.