రెండు రోజుల జ్వరం

జ్వరంతో ఉన్న మనిషి చేతివంట మనలో చాలామందిమి తినే ఉంటాం. ఇంట్లో అయితే దాన్ని అమ్మ ఓర్పు అంటాం. హోటల్లో అయితే అపరిశుభ్రత అంటాం. ఆ మనిషి ఎందుకు పడుకోలేకపోయిందని రెండు చోట్లా అడగం.

రాయలసీమ కథల్లో స్త్రీల శ్రమ మీద పరిశోధన కోసం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చాలాసార్లు తిరిగాను. ఒంటరిగా వెళ్లే ఆడదానికి హోటల్లో వంటింటి పక్క బల్లే నిమ్మళం. లోపలివాళ్లతో మాట కూడా కలుస్తుంది. హిందూపురంలో ఒకామె దగ్గుతూనే ఉల్లిగడ్డలు తరుగుతోంది. ఇంటికి పోయి పనుకోరాదా అక్కా అన్నాను. "పనుకుంటే ఈపొద్దు కూలి ఎవురిస్తారు మేడమ్? రేపటికి నా జాగాలో ఇంకొకరు కూర్చోనుంటారు" అంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక ఆ చుట్టుపక్కల హోటళ్లు, లాడ్జీలు పెరిగాయి. అలాంటి ఒక లాడ్జీలో గదులు ఊడ్చే ఆమెకి సెలవు కావాలంటే బదులు మనిషిని తానే తెచ్చిపెట్టాలి. బడి మానిపించి కూతుర్ని పంపిన రోజులున్నాయట. ధర్మవరంలో ఇంట్లో మగ్గం ఆగిపోయాక గిన్నెలు కడిగే పనికి చేరిన మరొకామె యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుంది. అది తీరేదాకా మానలేదు. పైగా ఆమె అంది: "ఇంటికి పోయినా పొయ్యి కాడికే గదా. ఈడైతే కూలన్నా వస్తాది."

మగవాళ్లకి జ్వరం రాదా? వస్తుంది, వాళ్లూ మాత్ర మింగి పనిచేస్తారు. కానీ దోసె మాస్టరు రాకపోతే పెనం ఆగుతుంది కాబట్టి యజమాని అతని ఇంటికి కబురు పంపుతాడు. గిన్నెలు కడిగే ఆమె రాకపోతే ఇంకో ఆమెను పెట్టుకుంటాడు. మాస్టరుకు ఇంటి దగ్గర గంజి కాచిచ్చే మనిషి ఉంటుంది. ఈమె ఇంట్లో ఆ మనిషి ఈమే.

చట్టం లేక కాదు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం అనారోగ్యానికి ఏడాదిలో 12 రోజుల వేతన సెలవు రాసింది. హాజరుపట్టీలో పేరే లేని మనిషి దాన్ని ఎవర్ని అడగాలి? ఇఎస్‌ఐ పదిమంది, ఆపైన పనిచేసే చోటే తప్పనిసరి. అయిదారుగురితో నడిచే మెస్సుకు ఆ నిర్బంధం లేదు. వర్తించినచోట జబ్బు రోజులకు వేతనంలో 70 శాతం ఇస్తారు గానీ, మామూలుగా మొదటి రెండు రోజులకు ఏమీ రాదు. ఈ ఆడవాళ్లు నాకు చెప్పిన జ్వరాలన్నీ ఆ రెండు రోజులవే! అంటురోగం ఉన్నవాళ్లు ఆహారాన్ని ముట్టకూడదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెబుతాయి. మంచిదే. ముట్టని రోజు కూలి ఎవరివ్వాలో మాత్రం చెప్పవు.

ఈ ప్రశ్న పాతదే. న్యూయార్కులో వంటమనిషిగా బతికిన ఐరిష్ వలస స్త్రీ మేరీ మలన్ శరీరంలో టైఫాయిడ్ క్రిములున్నాయని 1907లో నిర్బంధించారు. ఇక వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలారు. బట్టలుతికే పనిలో వంటకు వచ్చినంత జీతం రాలేదు. పేరు మార్చుకుని మళ్లీ వంటకు చేరింది. 1915లో పట్టుబడి, 1938లో చనిపోయేదాకా ఒక దీవిలో నిర్బంధంలోనే ఉంది. ఆమెవల్ల మనుషులు జబ్బుపడ్డారు, చనిపోయారు కూడా. అది చిన్న విషయం కాదు. కానీ "టైఫాయిడ్ మేరీ" అన్న పేరు మిగిలిందే తప్ప, వంట మానితే ఆమె ఎట్లా బతకాలన్నది మరుగునపడింది.

మన స్త్రీవాద సాహిత్యం ఇంటి వంటగదిని నిలదీసింది. విమల "వంటిల్లు" కవిత తెలియని పాఠకులు ఇక్కడ తక్కువ. కూలికి చేసే వంటగది కూడా ఆ గదికి కొనసాగింపే. ఒంట్లో బాగాలేకపోయినా పని ఆగకూడదని ఇల్లు నేర్పుతుంది. హోటలు ఆ అలవాటును ఉచితంగా వాడుకుంటుంది.

చిన్న మెస్సు యజమాని కూడా అంతంతమాత్రమే కావచ్చు. భవన నిర్మాణ కార్మికులకు 1996 నాటి చట్టాలతో సెస్సు నిధి వచ్చింది. హోటల్ పనివాళ్లకూ అట్లాంటి నిధి ఎందుకు ఉండకూడదు? కూలి మొదటి రోజు జ్వరం నుంచే రావాలి. ఆ కూలి చేతికొచ్చి ఇంటికెళ్లినామెకి అక్కడ పొయ్యి ఎవరు వెలిగించి పెడతారన్నది మాత్రం ఏ నిధీ తేల్చదు. అది మన ఇళ్లలో తేలాలి.