మా నాయన సంచి - యుద్ధ విమానం పెట్టె



మా నాయన గిద్దలూరు పక్క పల్లెల్లో చేతిపంపులు బాగుచేస్తాడు. ఆయన సంచిలో వాషర్లు ఎప్పుడూ నాలుగు ఉండేవి, చైను ఉండేది కాదు. "అది ఎప్పుడో గానీ తెగదు, మోసేదెవరురా" అనేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వేసవి సెలవుల్లో ఆయన వెంట వెళ్లిన ఊళ్లో తెగింది ఆ చైనే. కొత్తది తెచ్చేసరికి మరుసటి రోజు సాయంత్రమైంది. ఒక ముసలమ్మ ఏమీ అనకుండా ఖాళీ బిందె నాయన ముందు పెట్టి వెళ్లింది. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో నిల్వల పాఠం వచ్చినప్పుడు ఆ సంచే గుర్తొచ్చింది. యుద్ధ విమానాలు స్థావరం వదిలి వెళితే విడిభాగాల పెట్టె కూడా వెళ్లాలి. 2022 దాకా మన ప్రకాశం జిల్లాలోనే ఉన్న కొరిశపాడు దగ్గర, 2024 మార్చి 18న వాయుసేన విమానాలు జాతీయ రహదారి మీదే దిగాయి. అలాంటి చోట ఏదన్నా చెడితే వెంట తెచ్చుకున్నదే దిక్కు. అమెరికాలో రాండ్ సంస్థలో పుట్టి 1968లో ప్రచురితమైన షెర్‌బ్రూక్ 'మెట్రిక్' నమూనా ఇలాంటి లెక్కలకు దారి వేసింది. అది అడిగే ప్రశ్న "ఏ భాగం ఎక్కువ చెడుతుంది" అని కాదు, "ఇంకొక్కటి పెడితే విమానం ఎగిరే అవకాశం ఎంత పెరుగుతుంది" అని.

నాయన సంచికే ఆ లెక్క వేశాను. ఒక తిరుగుడులో సగటున ఒక వాషరు పోతుంది, ఐదు తిరుగుళ్లకు ఒక చైను తెగుతుంది అనుకుందాం. పాయిజాన్ సూత్రం ప్రకారం నాలుగు వాషర్లు ఉండి చైను లేకపోతే పని ఆగకుండా జరిగే అవకాశం నూటికి 82. ఒక వాషరు తీసి చైను పెడితే 96! నాలుగో వాషరు కంటే మొదటి చైనే విలువైంది.

ఇది చెబితే నాయన, "మరి బరువో?" అన్నాడు. నేను తెల్లబోయాను. అసలు నమూనాలోనూ లాభాన్ని బరువుతోనో, ధరతోనో భాగించాలి. బడికి పోని మనిషి ఆ మెట్టు ముందే ఎక్కి కూర్చున్నాడు.

ఇప్పుడు సంచిలో చైను ఉంటోంది. తమ్ముళ్లారా, లెక్కలంటే భయపడకండి. మీ ఇంట్లో పనిముట్ల సంచి ఉంటే ఒకసారి విప్పి చూడండి.

మీ అన్న, పూర్వ విద్యార్థి