తార, చక్రం, నూలుపోగు

సూర్యకుటుంబపు లెక్కలలో ఒక విచిత్రమున్నది. మొత్తం ద్రవ్యరాశిలో నూటికి 99.8 వంతులు సూర్యునిదే. తిరుగుడు మాత్రం ఆయన వద్ద లేదు. కోణీయ ద్రవ్యవేగంలో నూటికి 98 వంతుల దాకా గ్రహాల పాలు. అందులో సింహభాగం బృహస్పతిది. సూర్యుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మధ్యరేఖ వద్ద సుమారు 25 రోజులు తీసుకొంటాడు. అంత ద్రవ్యరాశిని కూడబెట్టుకొన్నవాడు తిరుగుడును ఎక్కడ పోగొట్టుకొన్నాడు? జగిత్యాలలో డిగ్రీ చదివిన రోజుల నుండి నన్ను వదలని ప్రశ్న ఇది.

మేఘం కుంచించుకొని తార పుడుతున్నప్పుడు, లోనికి జారే వాయువు నేరుగా పడదు. తిరుగుతూ పళ్ళెం వలె పరచుకొంటుంది. దానినే సంచయన చక్రమంటారు. లోనికి వచ్చేకొద్దీ వేగం పెరుగుతుంది. ఆ తిరుగుడంతా తారకే చేరితే, అది ఒక రోజులోపే ఒక చుట్టు తిరుగుతూ, తన వేగానికి తానే చెదిరిపోయే హద్దుకు చేరాలి. కానీ వృషభరాశిలోని టీ టౌరి పేర పిలిచే పసితారలలో చక్రమున్నవి చాలామటుకు ఒక చుట్టుకు వారం, అటూ ఇటూ తీసుకొంటాయి. ఏదో వాటిని పట్టి నిలుపుతున్నది.

ఆ పట్టు అయస్కాంత క్షేత్రానిది. భూమిమీద దాని బలం అర గాస్ మాత్రమే. ఈ పసితారల మీద వేయి గాస్‌లకు పైమాట. చక్రపు లోపలి అంచున విద్యుదావేశం పొందిన వాయువు బలరేఖలను దాటిపోలేదు. తార వ్యాసార్థానికి కొన్ని రెట్ల దూరంలోనే చక్రం ఆగిపోతుంది. అక్కడి నుండి వాయువు బలరేఖల వెంట పైకెగసి, సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల వేగంతో తారమీద పడుతుంది.

ఇంతవరకూ పుస్తకాలు చెప్పాయి. వేగం తగ్గే మర్మం మాత్రం, కోరుట్ల నుండి సెలవులకు వెళ్ళినప్పుడు సిరిసిల్లలో మా అమ్మమ్మ రాట్నం దగ్గర చూసినదాని వల్లనే నాకు బోధపడింది. చిలప ఒకవైపు, కండె ఒకవైపు. నడుమ ఒకే పోగు. కండె వేగం మించితే పోగు బిగిసి చిలపను లాగుతుంది. చిలప మొరాయిస్తే కండెకే అడ్డు. "గుంజితె తెగుతది, ఇడిస్తె చిక్కువడ్తది బిడ్డా" అనేది. తరువాత ఆ వాడలో సాంచాల మోత పెరిగింది, రాట్నం అటకెక్కింది. ఆమె చేతికి తెలిసినదానిని చదువు అని ఎవరూ అనలేదు.

తారకూ చక్రానికీ నడుమ బలరేఖే ఆ పోగు. చక్రంలో ఒకానొక దూరాన వాయువు, తారతో సమాన వేగంతో తిరుగుతుంది. దానికి లోపలి భాగం వేగమెక్కువ, కనుక తారను ముందుకు లాగుతుంది. వెలుపలి భాగం మందగామి, కనుక వెనక్కు లాగుతుంది. వేగాల తేడాకు రేఖలు మెలిపడి, ఉబ్బి, తెగుతాయి; అప్పుడు ఎక్స్ కిరణాలు ఎగజిమ్ముతాయి. నూలుకు లేని సుగుణం వీటికున్నది: తెగినవి మళ్ళీ తామే అతుక్కొంటాయి.

ఈ ఆలోచన మొదట రూపు దిద్దుకొన్నది పసితారల కోసం కాదు, మృతతారల కోసం. 1971లో ఉహురు ఉపగ్రహం 4.8 సెకన్లకొకమారు మినుకుమనే సెంటారస్ ఎక్స్-3ను గుర్తించింది. 1979లో ప్రణబ్ ఘోష్, ఫ్రెడరిక్ లాంబ్‌లు న్యూట్రాన్ తారకూ చక్రానికీ మధ్య ఈ పెనుగులాటకు లెక్క కట్టారు. 1991లో కోనిగ్ల్ దానిని టీ టౌరి తారలకు అన్వయించాడు. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ఎగిరిన ఆస్ట్రోశాట్ కూడా ఇటువంటి ఎక్స్ కిరణ తారలను పరిశీలించింది.

తారకు పగ్గం వేసేది చక్రమొక్కటేనా, తారనుండి వీచే గాలులకు ఎంత వాటా అన్న వాదం పండితులలో ఇంకా తీరలేదు. సూర్యుని విషయంలో చక్రం పోయిన తరువాత కూడా కోట్లాది సంవత్సరాలు సౌరపవనమే ఆ పని చేసింది. ఒకటి మాత్రం నిశ్చయం. తార తన చుట్టూ ఉన్నదానిని తింటూనే, దానికి కట్టుబడి కూడా ఉన్నది. ఆ కట్టు వల్ల చెదరకుండా నిలిచింది. తినగా మిగిలిన చక్రంలో నుండే మన నేల, మన నీరు, నూలు వడికిన చేతులు.