నలుడు నేర్చిన లెక్క

పురుషార్థాలు నాలుగింటిలో అర్థానిది రెండవ స్థానం. ధర్మానికి తరువాత, కామానికి ముందు దానిని నిలిపిన పూర్వులు ధనాన్ని ఆరాధించమని చెప్పలేదు, ఉపేక్షించమనీ చెప్పలేదు. అయినా భక్తిశ్రద్ధలు గల కొన్ని గృహాలలో ఒక భ్రాంతి కనిపిస్తుంది. ధనం పట్ల అజాగ్రత్తనే వైరాగ్యంగా భావించడం ఆ భ్రాంతి. భర్త తన ఉపేక్షను వైరాగ్యమనీ, భార్య తన భయాన్ని సహనమనీ పిలుచుకున్నంత కాలం ఆ సంసారం లోలోపల కరిగిపోతూనే ఉంటుంది. రాజమహేంద్రవరంలో నివసించే ఒక దంపతుల అనుభవం ఇందుకు నిదర్శనం.

ఆయన కళాశాల అధ్యాపకులు. ఆమె పాఠశాలలో ఉపాధ్యాయిని. వివాహమై అప్పటికి 22 సంవత్సరాలు. ఆయనకు దుర్వ్యసనాలు లేవు. ఉన్నదల్లా చేతిలో ధనం నిలవనీయని స్వభావం. ఆలయంలో కల్యాణోత్సవమంటే అన్నసమారాధన ఖర్చు తనదే అనేవారు. బంధువుల ఇంట శుభకార్యమంటే స్తోమతకు మించిన కానుకలు పట్టుకొని వెళ్ళేవారు. కాశీయాత్రకు నలుగురిని తోడు తీసుకొని వెళితే టిక్కెట్లన్నీ ఆయనే కొనేవారు. బ్యాంకు నుంచి వచ్చిన కవరులు మాత్రం విప్పకుండానే పుస్తకాల అలమరలో చేరేవి. ఆమె ఎప్పుడైనా ప్రశ్నిస్తే చిరునవ్వుతో ఒకే సమాధానం: "ఇచ్చేవాడు ఈశ్వరుడు. మధ్యలో మన లెక్కలెందుకు?"

ఆమె ఊరుకునేది. భర్త దానగుణాన్ని తప్పుపట్టడం తన స్వార్థమేమోనని శంకించేది. ఇరుగుపొరుగువారు ఆయనను ధర్మాత్ముడని కీర్తించినప్పుడు గర్వించేది కూడా. నెలాఖరున పాలవానికీ, కిరాణాకొట్టుకూ తన జీతంలో నుంచి సర్దుతూ, దానినే పాతివ్రత్యమని సమాధానపడేది.

కుమార్తె ఇంజనీరింగు రెండవ సంవత్సరం ఫీజు కట్టవలసిన రోజు వచ్చింది. అందుకోసం దాచిన సొమ్ము ఖాతాలో లేదు. తాత్కాలికంగా తన గాజులు తాకట్టు పెడదామని బీరువా తెరిస్తే గాజులు లేవు, పుట్టింటివారు పెట్టిన కాసులపేరూ లేదు. రెండూ అప్పటికే తాకట్టులో ఉన్నాయి. ఆ సాయంకాలం ఆమె మొదటిసారిగా ఆ కవరులు విప్పింది. రెండు క్రెడిట్ కార్డుల బాకీలు, సహకార సంఘంలో అప్పు, చేబదుళ్ళ చీటీలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ప్రీమియం కట్టకపోవడం వల్ల ఆయన జీవితబీమా పాలసీ ల్యాప్స్ అయిందని తెలిపే ఉత్తరం అన్నిటికంటే అడుగున ఉంది.

ఆ రాత్రి ఆయన తడబడలేదు. "బలిచక్రవర్తి గురువు వద్దన్నా దానం చేశాడు. శుక్రాచార్యుల లెక్క విని ఉంటే బలికి ఆ కీర్తి దక్కేదా? నువ్వు శుక్రుడివి కాకు" అన్నారు. ఆమె వద్ద అందుకు సమాధానం లేకపోయింది. కానీ నిద్రా పట్టలేదు.

భాగవతం అష్టమస్కంధంలో శుక్రుడు బలికి ఒక ఆర్థికనీతిని ఉపదేశించిన మాట నిజమే. ధనాన్ని అయిదు భాగాలు చేసి ధర్మానికి, కీర్తికి, తిరిగి ధనార్జనకు, భోగానికి, స్వజనానికి వినియోగించేవాడు ఇహపరాలలో సుఖిస్తాడన్నాడు. జీవనాధారాన్నే హరించే దానాన్ని పెద్దలు ప్రశంసించరనీ అన్నాడు. బలి ఆ మాటను దాటిపోయాడు, దాటినందుకే మహనీయుడయ్యాడు. ఆయన వాదానికి బలం అక్కడే ఉంది. వారాల తరబడి ఆమెను వేధించిన ప్రశ్న కూడా అదే.

ఆ దినాలలో ఆమె తండ్రిగారి నుంచి సంక్రమించిన భారతాన్ని తెరిచి, అరణ్యపర్వంలో నలోపాఖ్యానం చదవసాగింది. చిన్ననాడు విన్న కథే. హంస, స్వయంవరం, కార్చిచ్చు మాత్రమే జ్ఞాపకం ఉన్నాయి. ఈసారి ఆమె దృష్టి వేరొక చోట నిలిచింది.

నలుడు ధర్మాత్ముడు. కలి అతనిని ఆవేశించడానికి నిరీక్షించి, పన్నెండవ ఏట గాని అవకాశం పొందలేకపోయాడు. ఆ అవకాశం ఏ మహాపాతకం వల్లనూ లభించలేదు. పాదప్రక్షాళనం మరచి సంధ్య వార్చిన ఒక్క అజాగ్రత్త చాలింది. విప్పని కవరు కూడా అటువంటిదే కదా అని ఆమెకు తోచింది.

తరువాత నలుడు పుష్కరునితో జూదానికి కూర్చున్నాడు. నెలలు గడిచాయి. దమయంతి ఏం చేసింది? ముందుగా మంత్రులూ పౌరులూ ద్వారం వద్ద నిలిచి ఉన్నారని భర్తకు విన్నవించింది. అతడు పలుకలేదు. మరల మంత్రులను రప్పించి, మరల విన్నవించింది. అప్పటికీ పలుకలేదు. అంతట ఆమె విలపిస్తూ కూర్చోలేదు. దాది బృహత్సేన చేత సారథి వార్ష్ణేయుని పిలిపించి, కవలలైన ఇంద్రసేనుని, ఇంద్రసేనను రథంపై కుండిననగరంలోని పుట్టింటికి పంపివేసింది. రథమూ అశ్వాలూ సైతం అక్కడే ఉంచమన్నది. భర్త సర్వస్వం కోల్పోయాక తాను మాత్రం ఏకవస్త్రయై అతని వెంట అడవికి నడిచింది.

ఆ పతివ్రత భర్తను విడువలేదు. అయితే బిడ్డలను పణంగా మిగలనీయనూ లేదు. ఈ రెండూ ఒకే ధర్మానికి రెండు పార్శ్వాలని గ్రహించాక ఆ గృహిణికి మార్గం కనిపించింది.

మొదట ఆమె ఆయన అన్నగారిని ఇంటికి పిలిచింది. ఆయన ఎదుటనే కాగితాలన్నీ పరచి, "బావగారూ, నా మాట ఆయనకు చేరడం లేదు. మీరైనా చెప్పండి" అన్నది. భర్త అవమానంగా భావించి రెండు రోజులు భోజనం మానివేశారు. మంత్రుల మాట నలునికి ఎక్కనట్లే అన్నగారి మాటా ఆయనకు ఎక్కలేదు.

ఇక రెండవ పని. తన జీతాన్ని తన పేరిట వేరొక ఖాతాలోకి మార్చుకుని, కుమార్తె ఫీజు అందులో నుంచే కట్టింది. ఆయన తీసుకోదలచిన కొత్త అప్పుకు హామీ సంతకం పెట్టనని స్పష్టంగా చెప్పింది. ఇది ద్రోహమేమోనన్న వేదన ఆమెను విడువలేదు. అయితే ధర్మశాస్త్రాలు ఆమె పక్షానే ఉన్నాయి. ధనాన్ని కూడబెట్టే పనిలోనూ, వ్యయపరచే పనిలోనూ భార్యను నియోగించాలని మనుస్మృతి నవమాధ్యాయం విధించింది. కుటుంబం కోసం చేసినది కాని భర్త ఋణాన్ని భార్య తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయంలో చెప్పాడు. స్త్రీధనాన్ని భర్త వాడుకొని తిరిగి ఇవ్వకపోయినా దోషం లేని సందర్భాలుగా కరవు, ధర్మకార్యం, వ్యాధి, నిర్బంధం అనే నాలుగింటిని మాత్రమే పేర్కొన్నాడు.

ఆ జాబితాలో 'ధర్మకార్యం' అన్న మాటను చూపి ఆయన మరల వాదించారు. "కల్యాణోత్సవం ధర్మకార్యం కాదా? బలి లెక్క చూశాడా?" అన్నారు. ఈసారి ఆమె వద్ద సమాధానం ఉంది.

"ఆపదలో ఆగిపోయే విధిని నిలబెట్టుకోవడానికి చెప్పిన మాట అది. పందిట్లో మన పేరు వినబడడానికి చెప్పినది కాదు. బలి తనది తాను ఇచ్చాడు. అప్పు తెచ్చి ఇవ్వలేదు. వామనుని పాదాలు కడగడానికి బంగారు కలశంతో నీళ్ళు తెచ్చినది వింధ్యావళి. ఆ దానం భార్యకు తెలియకుండా జరగలేదు. నా కాసులపేరు తాకట్టుకు వెళ్ళిననాడు నా చేత నీళ్ళు పోయించారా?"

ఆయన మౌనం వహించారు. కోపంతో కూడిన మౌనం కాదది.

ఆ మౌనాన్ని ఆమె విజయంగా తీసుకోలేదు. నలుడు మారినది దమయంతి కన్నీటితో కాదనీ, మంత్రుల హితబోధతో కాదనీ ఆమె చదివి ఉన్నది. బాహుకునిగా ఋతుపర్ణుని రథం తోలుతున్నప్పుడు ఆ రాజు ఒక తాండ్రచెట్టును చూపి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పాడు. నలుడు నమ్మలేదు. ఆలస్యమవుతున్నదని రాజు వారిస్తున్నా రథం ఆపి, చెట్టును పడగొట్టి, కాయలు తానే లెక్కించాడు. లెక్క సరిపోయింది. విస్మితుడై ఋతుపర్ణుని వద్ద సంఖ్యాజ్ఞానంతో కూడిన అక్షహృదయాన్ని గ్రహించాడు. ఆ విద్య లోపలికి ప్రవేశించిన క్షణంలోనే కలి కర్కోటకుని విషాన్ని వమనం చేస్తూ వెలుపలికి వచ్చాడు. ఇతరులు చెప్పిన లెక్క అతనిని మార్చలేదు. తాను లెక్కించినది మార్చింది.

అందుచేత ఆమె మొత్తం ఎంతో చెప్పలేదు. ఒక తెల్లకాగితాల పుస్తకం, కలం, కవరులన్నీ ఆయన ముందు ఉంచి, "మీ చేతితో మీరే వ్రాయండి. నేను పక్కన కూర్చుంటాను. ఒక్క మాటా అనను" అన్నది. అనలేదు కూడా. అదే అన్నిటికంటే కఠినమైన తపస్సని ఆమె తరువాత చెప్పుకున్నది.

ఆయన వ్రాశారు. బంగారంపై అప్పు 2,10,000. కార్డుల బాకీ 1,85,000. సహకార సంఘంలో 1,50,000. చేబదుళ్ళు 95,000. మొత్తం 6,40,000 రూపాయలు. తరువాత కార్డుల మీద వడ్డీ లెక్కించారు. నెలకు 3.5 శాతం అంటే లక్షకు 3,500. 'కనీస మొత్తం' అని కాగితం మీద ఉన్న లక్షకు 5,000 చొప్పున ప్రతినెలా కట్టి తాను ఋణం తీరుస్తున్నానని భావించారు. అసలులో తగ్గేది 1,500 మాత్రమే. మిగిలిన బాకీ మీద వడ్డీ మరల మొదలు. కలం కిందపెట్టి ఆయన చాలాసేపు అలాగే ఉండిపోయారు. "ఇన్నాళ్ళూ ఈశ్వరుడు ఇస్తున్నాడనుకున్నాను. అప్పులవాడు ఇస్తున్నాడు" అన్నారు చివరకు.

గీత పదునెనిమిదవ అధ్యాయంలో భగవానుడు త్యాగాన్ని మూడు విధాలుగా విభజించాడు. విహితమైన కర్తవ్యాన్ని మోహం వల్ల విడిచిపెట్టడం తామసత్యాగమన్నాడు. గృహస్థునికి ఆదాయవ్యయాలు చూసుకోవడం విహితకర్మ. దానిని విడిచి "నాకు ధనాసక్తి లేదు" అనడం వైరాగ్యం కాదు, తమస్సు. విరాగికి తన వద్ద ఏమున్నదో తెలుసు, తెలిసి విడుస్తాడు. తనది ఏదో, ఋణదాతది ఏదో, భార్యది ఏదో తెలియనివాడు దేనిని విడువగలడు?

ఆ రాత్రితో అంతా చక్కబడలేదు. కార్డులు రెండూ రద్దు చేయించి, ఎక్కువ వడ్డీ గల ఋణాన్ని ముందు తీర్చడం ప్రారంభించారు. బకాయి ప్రీమియములు వడ్డీతో చెల్లించి పాలసీని పునరుద్ధరించుకున్నారు. ఆమె కోరికపై మరొక చిన్న పాలసీని 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ఆరవ సెక్షను కింద వ్రాయించారు. ఆ సెక్షను ప్రకారం తీసుకున్న పాలసీ సొమ్ము భార్యాబిడ్డల కోసం ఏర్పడిన న్యాసం. భర్త ఋణదాతలకు దానిపై హక్కు ఉండదు. ఆమె దానిని 'కుండినపురం పాలసీ' అని పిలుస్తుంది. మధ్యలో ఒకసారి ఆయన మేనల్లుని వివాహానికి చెప్పకుండా 30,000 అప్పు చేశారు. వారం దాటకముందే తానే పుస్తకంలో వ్రాసి చూపించారు. ఆమె దుఃఖించింది, కానీ దాచలేదు కదా అని ఊరట చెందింది.

ఇటువంటి ప్రతి గృహంలోనూ ఫలితం ఇలాగే ఉంటుందని చెప్పడానికి వీలులేదు. భర్తయైనా భార్యయైనా, లెక్క చూడడానికే నిరాకరిస్తూ, అసత్యంతో, బెదిరింపుతో జీవితభాగస్వామిని దోచుకుంటుంటే దూరంగా ఉండడమే ధర్మం కావచ్చు. నడిరాత్రి నలుడు విడిచిపోయిన తరువాత దమయంతి చివరకు చేరినది పుట్టింటికే. అక్కడ నుంచే ఆమె అతనిని అన్వేషింపజేసింది. అది ఆమె పాతివ్రత్యానికి భంగమని వ్యాసుడు ఎక్కడా అనలేదు.

మరుసటి కార్తికమాసంలో ఆలయంలో అన్నసమారాధనకు చందా అడగడానికి పెద్దలు వచ్చారు. గత సంవత్సరాల అలవాటుగా పెద్ద మొత్తమే ఆశించారు. ఆయన లోపలికి వెళ్ళి పుస్తకం చూసుకున్నారు. ఆ నెల దానధర్మాలకు మిగిలినది 1,116 రూపాయలు. కాసులపేరు ఇంకా తాకట్టులోనే ఉంది. ఆ సొమ్మును తాంబూలంలో ఉంచి, వంటింటి వైపు తిరిగి ఆమెను పిలిచారు.

"చెంబుతో నీళ్ళు తీసుకురా. నువ్వు పోస్తే ఇస్తాను."

ఆమె నీళ్ళు తెచ్చి పోసింది.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.