చిక్కితే అంత బెంగెందుకు?

నిన్న వీడియో కాల్‌లో మావారి మొహం చూడగానే మా చిన్నత్తగారు "అయ్యో, ఏంట్రా అలా పీక్కుపోయావ్? షుగరు ముదిరిందా?" అన్నారు. అంతకుముందు మా పిన్ని అడిగింది. ఆదివారం తోడికోడలు అడిగింది. ముదరలేదండీ, తగ్గింది. షుగరుకి వేసుకునే మెట్‌ఫార్మిన్ పోయింది, గ్లిక్లజైడ్ పోయింది, బీపీకి వేసుకునే రెండు మాత్రల్లో ఒకటి పోయింది. ఇదంతా చెప్పాక కూడా "అక్కడ సరిగ్గా తింటున్నాడా?" అని నన్నే అడుగుతారు.

మేముండేది ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో. బరువు తగ్గితే టైప్ 2 షుగరు వెనక్కి మళ్లుతుందని చూపించిన రాయ్ టేలర్ ఈ ఊరి యూనివర్సిటీ ప్రొఫెసరే. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరిగితే ఇన్సులిన్ మళ్లీ దారిలో పడుతుందంటారాయన. గ్లాస్గోలోని మైక్ లీన్‌తో కలిసి చేసిన 'డైరెక్ట్' పరిశోధన 2017లో లాన్సెట్‌లో వచ్చింది. షుగరొచ్చి ఆరేళ్లు దాటనివాళ్లకు కొన్ని నెలలపాటు రోజుకు సుమారు 850 కేలరీల సూపులు, షేకులే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి అలా చేసినవాళ్లలో 46 శాతం మందికి మందుల అవసరం లేకుండా షుగరు దిగింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలోనైతే 86 శాతం మందికి. షుగరు, బీపీ మాత్రలు మొదటిరోజే ఆపించారు. తిండి అంత తగ్గినప్పుడు పాత మోతాదులే వేసుకుంటే రెండూ మరీ పడిపోతాయి కదా. రెండో ఏటికి ఆ 46 కాస్తా 36 అయింది. బరువు పెరిగితే షుగరూ తిరిగొస్తుంది.

ఇప్పుడు ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఇదే పద్ధతిని మామూలు రోగులకూ ఇస్తోంది. తెల్లవాళ్లకు బీఎంఐ కనీసం 27 ఉండాలి, మనవాళ్లకు 25 ఉంటే చాలు. తక్కువ బరువుకే షుగరొచ్చే ఒళ్లు మనది. అందుకే ఆ "పీక్కుపోయావ్" అన్న మాట నన్నంత బాధపెడుతుంది. మావాళ్లు నిండుగా ఉన్నాడని మురిసిన బొజ్జే ఆయన్ని రోగిని చేసింది. ఇక్కడి నర్సు మాత్రం ప్రతిసారీ "ఇంకేది ఆపగలమో చూద్దాం" అంటుంది. మందు ఆపడం కూడా వైద్యమేనని ఆమెను చూశాకే నాకు తెలిసింది.

అయితే ఆ సూపులున్నాయే, పులుపూ కారమూ లేని ఆ సూపుల్ని మనిషి నెలల తరబడి తాగాలా? మన ఉలవలు లేవా, పెసలు లేవా, జొన్నరొట్టె లేదా? మా తాతయ్య ఏ డాక్టరూ చెప్పకుండానే రోజంతా పొలం గట్ల మీద తిరిగేవాడు. అన్నం మాత్రం కొండలా వడ్డించుకునేవాడు, అదంతా చేలోనే అరిగిపోయేది. ఆ చేను ఇప్పుడు లేదు, కంచంలో అన్నం మాత్రం అలాగే ఉంది. మన దేశంలో తినే కేలరీల్లో 62 శాతం పిండిపదార్థాలవేనని ఐసీఎంఆర్ సర్వేలో తేలింది.

నాన్న రిటైరయ్యాక రాజమండ్రిలో పొద్దున్నే గోదావరి గట్టున నడక మొదలుపెట్టారు. ప్యాంట్లన్నీ వదులయ్యాయి. మందుల చీటీ మాత్రం పాతదే. అదే మెడికల్ షాపులో చూపించి అవే మాత్రలు నెలనెలా తెచ్చుకుంటారు. ఈమధ్య మంచం మీద నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయట. వయసు అని అందరూ తేల్చేశారు. చిక్కారని దిగులుపడిన ఇంతమందిలో, బరువు తగ్గాక ఆ మోతాదు ఎక్కువైందేమో అని ఒక్కరూ అడగలేదు.

వచ్చే నెల వెళ్తున్నాను. ఆ చీటీ పట్టుకుని నాన్నను నేనే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తాను. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని, ఏ మాత్ర తగ్గించొచ్చో చెప్పమని అడుగుతాను. అప్పటిదాకా సొంతంగా ఏదీ మానెయ్యొద్దని, రోజూ బీపీ చూసి కాగితం మీద రాసిపెట్టమని నాన్నకు చెప్పాను. రాస్తున్నారు.